ఓర్లాండో థీమ్ పార్కుల ట్రిప్పు: కారు అద్దెకు తీసుకోవాలా, వద్దా?

క్లుప్తంగా: అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఉన్న ఓర్లాండోలో డిస్నీ, యూనివర్సల్ అనే రెండు సంస్థల థీమ్ పార్కులున్నాయి. అక్కడ కారు కావాలా వద్దా అన్నది ముందుగా బస ఎక్కడ అన్నదాన్ని బట్టే తేలుతుంది. డిస్నీ సొంత హోటల్లోనో యూనివర్సల్ సొంత హోటల్లోనో దిగి, ఆ పార్కులే చూసి వచ్చే కుటుంబానికి అద్దె కారు ఎక్కువ సేపు పార్కింగ్‌లోనే ఉంటుంది. బయట ఇల్లు తీసుకున్నా, రెండు సంస్థల పార్కులూ చూడాలనుకున్నా, సముద్ర తీరానికో కెనడీ స్పేస్ సెంటర్‌కో వెళ్లాలనుకున్నా కారు లేకపోతే ఇబ్బందే. ఈ రెంటికీ మధ్యలో ఉన్నవాళ్లకు ట్రిప్పంతా కాకుండా ఒకటి రెండు రోజులకు కారు తీసుకుంటే చాలాసార్లు సరిపోతుంది.

పాత సలహాలు ఎందుకు పనికిరావు

ఓర్లాండో వెళ్లి వచ్చినవాళ్లను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. "కారు అక్కర్లేదు, అన్నీ డిస్నీ వాళ్లే చూసుకుంటారు" అని ఒకరంటే, "కారు లేకుండా అడుగు వేయలేం" అని ఇంకొకరంటారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. వాళ్లు వెళ్లిన సంవత్సరం వేరు, దిగిన చోటు వేరు.

2005లో డిస్నీ తన హోటళ్ల అతిథుల కోసం మ్యాజికల్ ఎక్స్‌ప్రెస్ అనే ఉచిత బస్సు మొదలుపెట్టింది. విమానాశ్రయంలో ఎక్కితే నేరుగా హోటల్ దగ్గర దించేది. తిరుగు ప్రయాణానికీ అదే. దాంతో డిస్నీ హోటల్లో దిగేవాళ్లకు కారు అవసరం దాదాపు పోయింది. 2022 జనవరితో ఆ సేవ ముగిసింది. ఇప్పుడు విమానాశ్రయం నుంచి హోటల్‌కు వెళ్లాలంటే డబ్బు కట్టి షటిల్ ఎక్కాలి, లేదా ట్యాక్సీయో, ఉబర్, లిఫ్ట్ లాంటి యాప్ క్యాబో మాట్లాడుకోవాలి. ఎలా వెళ్లినా ఖర్చు తప్పదు. ఆ డబ్బు కలిపితే కారే వచ్చేస్తుంది కదా అన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది.

అదే సమయంలో అద్దె కార్ల వ్యాపారమూ ఊగిసలాడింది. 2020లో ప్రయాణాలు ఆగిపోవడంతో అద్దె సంస్థలు తమ కార్లను పెద్ద సంఖ్యలో అమ్మేశాయి. ఆ ఏడాది మే నెలలో హెర్ట్జ్ అనే అద్దె కార్ల సంస్థ దివాలా రక్షణ కోరింది. 2021లో జనం మళ్లీ ప్రయాణాలు మొదలుపెట్టేసరికి కార్లు లేవు. కార్లలో వాడే కంప్యూటర్ చిప్‌ల కొరత వల్ల కొత్త కార్లూ సమయానికి రాలేదు. అద్దెలు ఆకాశాన్నంటాయి. ఆ ఏడాది వెళ్లినవాళ్ల అనుభవం విని కారు ఆలోచనే మానుకున్నవాళ్లు ఉన్నారు. ఆ కొరత తర్వాత తీరింది.

పార్కింగ్ నిబంధన కూడా రెండుసార్లు మారింది. డిస్నీ తన హోటళ్లలో రాత్రి పార్కింగ్‌కు 2018 మార్చిలో డబ్బు తీసుకోవడం మొదలుపెట్టి, 2023 జనవరిలో ఆ వసూలు ఆపేసింది. అందువల్ల 2019లో రాసిన లెక్క ఇప్పుడు ఈ ఒక్క కారణంతోనే తప్పుతుంది. ఇక 2025 మేలో యూనివర్సల్ వాళ్ల కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్ తెరుచుకుంది. అది వాళ్ల పాత పార్కుల పక్కన లేదు, కొన్ని మైళ్ల దూరంలో ఉంది. నడిచి వెళ్లగలిగిన ట్రిప్పులో వాహనం ఎక్కాల్సిన రోజు ఒకటి చేరింది.

అసలు కారణం ఊరి కట్టుబడిలో ఉంది

1971 అక్టోబర్ 1న తెరిచిన వాల్ట్ డిస్నీ వరల్డ్ సుమారు 25 వేల ఎకరాల్లో, అంటే దాదాపు 40 చదరపు మైళ్లలో ఉంది. అందులో నాలుగు థీమ్ పార్కులున్నాయి: మ్యాజిక్ కింగ్‌డమ్, 1982లో వచ్చిన ఎప్‌కాట్, 1989లో వచ్చిన హాలీవుడ్ స్టూడియోస్, 1998లో వచ్చిన యానిమల్ కింగ్‌డమ్. మ్యాజిక్ కింగ్‌డమ్ ఉత్తరం వైపు ఉంటే యానిమల్ కింగ్‌డమ్ నైరుతి మూలన ఉంటుంది. ఈ ఆవరణకు విమానాశ్రయం 20 మైళ్ల దూరం. యూనివర్సల్ పది మైళ్లకు అటూ ఇటూ. వీటిని కలిపే మెట్రో గానీ లోకల్ రైలు గానీ లేదు. 2014లో మొదలైన సన్‌రైల్ రైలు విమానాశ్రయానికీ వెళ్లదు, డిస్నీకీ వెళ్లదు. శని, ఆదివారాల్లో అసలు నడవదు. 2023 సెప్టెంబర్ నుంచి మయామీకి నడుస్తున్న బ్రైట్‌లైన్ రైలు విమానాశ్రయం దగ్గరే ఆగిపోతుంది. లింక్స్ అనే ప్రజా రవాణా బస్సులు తిరుగుతాయి కానీ, పిల్లలతో సామాన్లతో వచ్చిన కుటుంబం వాటిని నమ్ముకుంటే రోజులో పెద్ద భాగం దారిలోనే గడిచిపోతుంది.

మిగతా డిస్నీ పార్కులతో పోల్చి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. 1983లో తెరిచిన టోక్యో డిస్నీల్యాండ్ ముందే మైహామా రైల్వే స్టేషన్ ఉంది. టోక్యో స్టేషన్ నుంచి పావుగంట ప్రయాణం. 1992 నాటి పారిస్ పార్కు వాకిట్లోకే ఆర్‌ఈఆర్ ఏ అనే లోకల్ రైలు లైను వస్తుంది, అక్కడే హైస్పీడ్ రైళ్లూ ఆగుతాయి. హాంకాంగ్‌లో పార్కు కోసమే ఒక మెట్రో లైను వేశారు. షాంఘైలో 11వ నంబర్ మెట్రో లైను చివరి స్టేషన్ పార్కు దగ్గరే. ఈ నాలుగు చోట్లా కారు తీసుకుంటే లాభం కంటే చికాకే ఎక్కువ.

కాలిఫోర్నియాలోని అనాహైమ్ ఇంకో రకం. 1955లో తెరిచిన మొదటి డిస్నీల్యాండ్, 2001లో వచ్చిన కాలిఫోర్నియా అడ్వెంచర్ ఎదురెదురు గేట్లతో ఉంటాయి. హార్బర్ బూలెవార్డ్ మీద హోటల్ తీసుకుంటే పది పదిహేను నిమిషాల నడక. పార్కు వరకే అయితే కారు అక్కర్లేదు. బీచ్‌లు, హాలీవుడ్ కూడా చూడాలంటే మాత్రం లాస్ ఏంజిలిస్ దూరాలకు కారు కావాల్సి వస్తుంది. పార్కు రైలు లైను పక్కన ఉందా, హైవే పక్కన ఉందా అన్న దగ్గరే సగం జవాబు దొరుకుతుంది. ఓర్లాండో హైవేల ఊరు.

డిస్నీ ఆవరణలో కారు ఎక్కడ నయం, ఎక్కడ దండగ

డిస్నీ హోటళ్ల నుంచి పార్కులకు బస్సులు, పడవలు, మోనోరైల్, 2019 సెప్టెంబర్‌లో వచ్చిన స్కైలైనర్ అనే రోప్‌వే గొండోలాలు ఉచితంగా తిరుగుతాయి. అయితే ఇవన్నీ అన్ని చోట్లకూ పోవు. మోనోరైల్ మ్యాజిక్ కింగ్‌డమ్‌కూ ఎప్‌కాట్‌కూ పరిమితం. స్కైలైనర్ ఎప్‌కాట్‌నూ హాలీవుడ్ స్టూడియోస్‌నూ కొన్ని హోటళ్లతో కలుపుతుంది. యానిమల్ కింగ్‌డమ్‌కు రోడ్డు దారి ఒక్కటే, అంటే బస్సే గతి.

కారున్నవాళ్లు తరచూ ఊహించని చోటు మ్యాజిక్ కింగ్‌డమ్. దాని పార్కింగ్ గేటు దగ్గర లేదు. సెవెన్ సీస్ లగూన్ అనే సరస్సుకు ఇవతలి ఒడ్డున, ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ దగ్గర ఉంటుంది. అక్కడ కారు పెట్టి, మోనోరైలో ఫెర్రీయో ఎక్కి అవతలికి వెళ్లాలి. ఉబర్ మాట్లాడుకున్నా దించేది అక్కడే. డిస్నీ హోటల్ బస్సు మాత్రం సరస్సు చుట్టూ తిరిగి నేరుగా గేటు పక్కన దించుతుంది. రాత్రి బాణసంచా అయ్యాక జనమంతా ఒక్కసారి బయటికి వచ్చినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. కారున్నవాళ్లు ముందు మోనోరైల్ లైన్లో, తర్వాత పార్కింగ్ నుంచి బయటపడే లైన్లో నిలబడాలి. పార్కు పక్కనే ఉన్న కంటెంపరరీ అనే డిస్నీ హోటల్ అతిథులు ఈలోగా నడిచి గదికి చేరిపోతారు.

హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్, ఎప్‌కాట్ సంగతి తిరగబడుతుంది. అక్కడ పార్కింగ్ గేటుకు ఎదురుగానే ఉంటుంది. బస్సు కోసం పావుగంటో ఇరవై నిమిషాలో ఎదురుచూసి, మధ్యలో ఇంకో స్టాప్‌లో ఆగి వెళ్లడం కంటే సొంతంగా నడుపుకుంటూ వెళ్తే చాలాసార్లు తొందరగా చేరతారు. బస్సు ఎప్పుడొస్తుందో అన్న టెన్షన్ ఉండదు. నిద్రపోయిన పిల్లను లేపి, స్ట్రోలర్ మడిచి బస్సెక్కించే పని తప్పుతుంది.

ఒక డిస్నీ హోటల్ నుంచి ఇంకో డిస్నీ హోటల్‌కు భోజనానికి వెళ్లాలన్నా కారుదే పైచేయి. హోటళ్ల మధ్య సాధారణంగా నేరుగా బస్సు ఉండదు. ఏదో ఒక పార్కుకో, డిస్నీ స్ప్రింగ్స్ అనే దుకాణాల ప్రాంతానికో వెళ్లి అక్కడ బస్సు మారాలి. కారులో పది నిమిషాల దూరం అలా గంటవుతుంది. ఇలాంటి భోజనాలు ట్రిప్పులో ఒకటో రెండో ఉంటే ఆ పూటకు ఉబర్ చాలు. రోజూ ఉంటే ఆలోచించాలి.

వర్షాల సంగతీ లెక్కలోకి వస్తుంది. ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములు మెరుపులతో వాన పడటం మామూలే. పిడుగుల ప్రమాదం ఉన్నప్పుడు స్కైలైనర్‌ను, పడవలను ఆపేస్తారు. స్కైలైనర్ చూసి హోటల్ ఎంచుకున్నవాళ్లు కూడా అలాంటి సాయంత్రాల్లో బస్సు ఎక్కాల్సిందే.

డిస్నీ బయట బస చేస్తే

డిస్నీకి దగ్గర్లోని కిస్సిమ్మీ, డావెన్‌పోర్ట్ ఊళ్ల వైపు స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇళ్లు అద్దెకు దొరుకుతాయి. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తే తలసరి ఖర్చు హోటల్ కంటే బాగా తగ్గుతుంది. కానీ ఆ ఇళ్ల నుంచి పార్కుకు బస్సు ఉండదు. రోజుకు రెండుసార్లు ఉబర్, అందులోనూ ఆరేడుగురికి పెద్ద బండి కావాలంటే, కొద్ది రోజుల్లోనే కారు అద్దెను దాటిపోతుంది. ఇంటి అద్దెలో మిగిలిందనుకున్న డబ్బులో కొంత కారుకు పోతుందని మొదటే లెక్కలో రాసుకోవాలి. బస ఖర్చును ఒక వరుసలో, రవాణా ఖర్చును ఇంకో వరుసలో వేసి విడివిడిగా పోలిస్తే ఎప్పుడూ తప్పు జవాబే వస్తుంది. ఈ రెండూ ఒకే నిర్ణయం.

బయటి హోటళ్లలో కొన్ని పార్కులకు షటిల్ నడుపుతాయి. ప్రకటనలో "ఉచిత షటిల్" అని ఉంటే సరిపోదు. రోజుకు ఎన్నిసార్లు, ఏ వేళల్లో, ఏ పార్కుకు, ముందే సీటు చెప్పుకోవాలా అన్నవి చూడాలి. పొద్దున ఒకసారి తీసుకెళ్లి రాత్రి ఒకసారి తీసుకొచ్చే షటిల్ అయితే, మధ్యాహ్నం ఎండకు పిల్లలు అలిసిపోతే వెనక్కి వచ్చే దారి ఉండదు. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు వెళ్లే ఇలాంటి షటిళ్లు చాలావరకు సరస్సుకు ఇవతలే దించుతాయి.

యూనివర్సల్ లెక్క వేరే

ఓర్లాండోలో యూనివర్సల్ మొదటి పార్కు 1990లో, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ 1999లో తెరిచారు. ఇవి రెండూ సిటీవాక్ అనే బజారుకు అటూ ఇటూ ఉంటాయి. దగ్గర్లోని యూనివర్సల్ హోటళ్ల నుంచి నడిచో, పడవలోనో వెళ్లవచ్చు. ఇక్కడ కారు అవసరం డిస్నీ కంటే తక్కువ. పైగా డిస్నీలా కాకుండా యూనివర్సల్ హోటళ్లు తమ అతిథుల దగ్గర కూడా రాత్రి పార్కింగ్ చార్జీ తీసుకుంటాయి. అంటే వాడని కారుకు అద్దె, పార్కింగ్ రెండూ కట్టినట్టు అవుతుంది.

నాలుగు రోజులు డిస్నీ, రెండు రోజులు యూనివర్సల్ అనుకునేవాళ్లే ఎక్కువ తికమక పడతారు. ఒకే హోటల్లో ఉండి రోజూ అటూ ఇటూ తిరిగితే కారు లాభం. మధ్యలో హోటల్ మారితే కారు అవసరం ఒక్క ప్రయాణానికి తగ్గిపోతుంది, అది ఉబర్‌తో అయిపోతుంది. సామాన్లు సర్దుకునే శ్రమకు బదులు అద్దె మిగులుతుంది.

ముందు చూపించే అద్దె, చివర్లో వచ్చే బిల్లు

వెబ్‌సైట్‌లో మొదట కనిపించే రోజువారీ అద్దెను పట్టుకుని ఉబర్ చార్జీలతో పోల్చడం చాలామంది చేసే పొరపాటు. దాని మీద పన్నులు, ఫ్లోరిడా రాష్ట్రం వేసే రోజుకు 2 డాలర్ల సర్‌చార్జీ, విమానాశ్రయంలో తీసుకుంటే అక్కడి రుసుములు వచ్చి చేరతాయి. డ్రైవర్ వయసు 25 లోపు అయితే అదనపు చార్జీ. రెండో డ్రైవర్‌ను చేరిస్తే కొన్ని సంస్థలు దానికీ తీసుకుంటాయి. పెట్రోల్ వేరే.

డిస్నీ సొంత హోటల్లో ఉన్నవాళ్లకు పార్కుల దగ్గర పార్కింగ్ ఉచితం. బయటి నుంచి వచ్చేవాళ్లు కారుకు రోజుకు ఇంత అని కట్టాలి. ఒకసారి కడితే అదే రోజు మిగతా డిస్నీ పార్కుల్లోనూ చెల్లుతుంది. యూనివర్సల్‌లో విడిగా కట్టాలి. ఐదు పార్కు రోజులంటే బయట దిగినవాళ్లకు ఐదు రోజుల పార్కింగ్ ఖర్చు. డిస్నీ స్ప్రింగ్స్‌లో మాత్రం పార్కింగ్‌కు డబ్బు లేదు.

టోల్ రోడ్ల విషయంలో చాలామంది తెలియక నష్టపోతారు. విమానాశ్రయం నుంచి పార్కుల వైపు వెళ్లే 417, 528 నంబర్ల రోడ్లు టోల్ రోడ్లు. టోల్ కంటే, అది కట్టే పద్ధతి వల్లే ఖర్చు పెరుగుతుంది. నంబర్ ప్లేటు ఫొటో తీసి వసూలు చేసే చోట బిల్లు ముందు అద్దె సంస్థకు వెళ్తుంది. అది టోల్‌తో పాటు తన సేవా రుసుమును కూడా కార్డు మీద వేస్తుంది. సంస్థలు ఇచ్చే టోల్ ప్లాన్‌లకూ రోజువారీ చార్జీ ఉంటుంది. దీనికి మందుగా సెంట్రల్ ఫ్లోరిడా ఎక్స్‌ప్రెస్‌వే సంస్థ ఓర్లాండో విమానాశ్రయంలో విజిటర్ టోల్ పాస్ ఇస్తోంది. ముందే నమోదు చేసుకుని, అక్కడ తీసుకుని, కారు అద్దానికి తగిలించుకోవడమే. పాస్‌కు డబ్బు లేదు, వాడిన టోల్ మాత్రమే కార్డు నుంచి కట్ అవుతుంది. తిరిగి వెళ్లేటప్పుడు అక్కడి పెట్టెలో వేసేయాలి. కారు తీసుకునేవాళ్లు ఈ ఒక్క పనైనా తప్పక చేయాలి.

ఇన్సూరెన్స్ దగ్గర అమెరికాలో ఉండేవాళ్లకూ బయటి నుంచి వచ్చేవాళ్లకూ లెక్క వేరవుతుంది. అమెరికాలో సొంత కారు ఉన్నవాళ్ల పాలసీ చాలాసార్లు అద్దె కారుకూ వర్తిస్తుంది, కొన్ని క్రెడిట్ కార్డులు కారుకు జరిగిన నష్టాన్ని భరిస్తాయి. వేరే దేశం నుంచి వచ్చినవాళ్లకు సొంత పాలసీ ఉండదు. కార్డు ఇచ్చే రక్షణ మామూలుగా అద్దె కారుకు జరిగిన నష్టం వరకే, ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి కాదు. ఆ రెండో రక్షణ లేకుండా అమెరికా రోడ్ల మీద నడపడం పెద్ద ప్రమాదం, ఎందుకంటే అక్కడ వైద్యం, కోర్టు ఖర్చులు చాలా ఎక్కువ. అందువల్ల విదేశీ సందర్శకులు కారు, లయబిలిటీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టం) రెండూ కలిపిన ప్యాకేజీ ధరనే అసలు అద్దెగా తీసుకుని పోల్చాలి. అప్పుడు ఉబర్ అంత ఖరీదుగా కనిపించదు. కౌంటర్ దగ్గర కార్డు మీద డిపాజిట్ కింద కొంత మొత్తాన్ని ఆపి ఉంచుతారు. ఆ మేరకు కార్డులో ఖాళీ ఉండాలి.

ఉబర్, లిఫ్ట్‌ల బలం, బలహీనత

ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు, తక్కువ సామాను, డిస్నీ హోటల్ అయితే ఉబర్‌ను మించింది లేదు. రాకపోకలకు రెండు ట్రిప్పులు, మధ్యలో ఒకటి రెండు, అంతే. ఎంత చవకైన కారు అద్దె అయినా దానికి పార్కింగ్, టోల్, పెట్రోల్ కలిస్తే ఇంత తక్కువలో రావడం కష్టం.

చిక్కల్లా రేట్లు మారడంలో ఉంది. పార్కు తెరవడానికి ముందు, రాత్రి షో అయిపోగానే అందరికీ ఒకేసారి బండి కావాలి. అప్పుడు చార్జీ పెరుగుతుంది, బండి రావడానికీ ఆలస్యమవుతుంది. షో అయ్యాక అరగంట పార్కు దుకాణాల్లో తిరిగి ఆ తర్వాత బుక్ చేస్తే రేటు చాలావరకు దిగి వస్తుంది. ఆరుగురు దాటిన కుటుంబానికి రెండు బండ్లు కావాల్సి వస్తే లెక్క మళ్లీ అద్దె వ్యాన్ వైపు మొగ్గుతుంది.

చిన్నపిల్లలు, నడవలేని పెద్దవాళ్లు

ఫ్లోరిడా చట్టం ప్రకారం ఐదేళ్ల వరకు పిల్లలకు కార్ సీటో, వయసును బట్టి బూస్టరో (ఎత్తు పెంచే సీటు) ఉండాలి. ఉబర్‌లో కార్ సీటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. వెంట తెచ్చుకున్నా రోజంతా పార్కులో మోయలేరు. అద్దె కారులో ఒకసారి బిగిస్తే వారమంతా అక్కడే ఉంటుంది. అద్దె సంస్థ ఇచ్చే సీటుకు రోజుకు ఇంత అని తీసుకుంటుంది. అమెరికా విమాన సంస్థలు చాలావరకు కార్ సీటుకు బ్యాగేజీ చార్జీ వేయవు కాబట్టి ఇంటి నుంచి తెచ్చుకోవడమే మేలు. డిస్నీ బస్సుల్లో మాత్రం కార్ సీటు అవసరం లేదు. అందువల్ల చిన్నపిల్లలున్నవాళ్లకు జవాబు రెండు కొసల్లో ఉంటుంది: డిస్నీ హోటల్, బస్సులు, లేదా బయట బస, సొంత కారు. రెంటికీ మధ్యలో ఉబర్ మీద ఆధారపడటమే కష్టం.

నడవలేనివాళ్లు కూర్చుని వెళ్లే ఎలక్ట్రిక్ స్కూటర్ వాడే పెద్దవాళ్లుంటే ఇంకో సంగతి చూడాలి. డిస్నీ బస్సుల్లో ర్యాంపు ఉంటుంది, స్కూటర్ మీదే ఎక్కవచ్చు. మామూలు అద్దె కారు డిక్కీలో స్కూటర్ విప్పి ఎత్తి పెట్టాలి, ఆ బరువు ఎవరు ఎత్తుతారన్నది ముందే అనుకోవాలి. వీల్‌చైర్, మామూలుగా మడిచేదే అయితే, కారే సుఖం.

అవసరమైన రోజులకే కారు

ఓర్లాండో చుట్టూ చూడదగ్గవి ఉన్నాయి. తూర్పు తీరాన కెనడీ స్పేస్ సెంటర్ సందర్శక కేంద్రం గంట దూరం. దాని దగ్గర్లోనే కోకో బీచ్. వింటర్ హేవెన్‌లో 2011లో తెరిచిన లెగోల్యాండ్, టాంపాలో బుష్ గార్డెన్స్ ఉన్నాయి. వీటికి ఉబర్‌లో వెళ్లడం ఒక ఎత్తు, సాయంత్రం తిరిగి రావడానికి బండి దొరకడం ఇంకో ఎత్తు. ఇలాంటి రోజులు ఒకటో రెండో ఉన్నాయని వారమంతా కారు ఉంచుకోనక్కర్లేదు. పార్కు రోజులన్నీ ఒక వైపు, బయట తిరిగే రోజులు ఇంకో వైపు పెట్టుకుని, ఆ రెండో భాగానికే కారు తీసుకోవచ్చు. బయట తిరిగే రోజుల్ని ట్రిప్పు చివర్లో పెట్టుకుంటే ఆ కారులోనే విమానాశ్రయానికి వెళ్లి అక్కడ అప్పగించవచ్చు. ఒక ఉబర్ ఖర్చూ తగ్గుతుంది.

బుక్ చేసే ముందు వారం రేటు కూడా చూడాలి. అద్దె సంస్థలు వారానికి వేరే ధర పెడతాయి, కొన్నిసార్లు నాలుగు రోజుల అద్దెకూ ఏడు రోజుల అద్దెకూ పెద్ద తేడా ఉండదు. ఒక చోట తీసుకుని ఇంకో చోట అప్పగిస్తే ధర మారవచ్చు. హోటళ్లకు దగ్గర్లోని శాఖల్లో విమానాశ్రయ రుసుములు తప్పుతాయి కానీ వాటి పనివేళలు తక్కువ. చాలా శాఖలు ఆదివారం తెరవవు. శనివారం మధ్యాహ్నం తీసుకున్న కారును అక్కడే ఇవ్వాలంటే సోమవారం దాకా అద్దె కట్టాల్సి రావచ్చు కాబట్టి, అలాంటి శాఖలో అప్పగించేట్టయితే బయట తిరిగే రోజుల్ని వారం మధ్యలో పెట్టుకోవడం మంచిది.